వంతెన దాటాల్సిన గొంతు

కిందటి వారం కందిరీగని తూకం మెషిన్ల రిపేరు షాపు మెట్ల మీద వదిలిపెట్టాం. లోపలికి అడుగు పెట్టాలా, వచ్చిన దారినే పోవాలా అని తేల్చుకోలేక నిలబడి ఉంది.

కందిరీగ ఆమె అసలు పేరు కాదు. పట్టుకున్న విషయాన్ని వదలకుండా చెవి దగ్గర రొద పెడుతుందని చిన్నప్పుడు అక్క పెట్టిన పేరు. పెద్దయ్యాక ఆఫీసులోనూ అదే స్థిరపడిపోయింది. అక్క ఒకప్పుడు బస్టాండులో అనౌన్సరు. నాలుగేళ్ళ క్రితం గొంతులో పుండు లేచింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యక తప్పదన్నారు. ఆపరేషనుకి ముందు అక్క మూడు వారాలపాటు రోజూ గొంతు రికార్డు చేసే సెంటరుకి వెళ్ళి వందల వాక్యాలు చదివి, తన గొంతుని ఒక యాప్‌లో దాచుకుంది. ఇప్పుడు ఏం టైపు చేసినా ఆ యాప్ అక్క గొంతుతోనే పలుకుతుంది. చిక్కల్లా ఒక్కటే. ఆ యాప్ ఒకే ఒక్క రకం ఫోనులో నడుస్తుంది. యాప్ తయారుచేసిన చిన్న సంస్థ మూతపడింది. ఆ రకం ఫోన్లు చేసే కంపెనీ కూడా దుకాణం కట్టేసింది. అక్క ఫోనులో బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేచింది. దానికి సరిపడే బ్యాటరీ ఊరంతా గాలించినా దొరకలేదు. మొన్న సోమవారం ఆ ఫోను రెండు గంటలపాటు వెలగనే లేదు.

ఆ రెండు గంటలూ అక్కకి మాట లేదు.

ఒక రకం ఫోను కోసం చేసిన యాప్‌ని ఇంకో రకం ఫోనులో నడిపించే ప్రోగ్రాము ఒకటి ఒకప్పుడు ఉండేది. దాని పేరు వంతెన. రాసింది ఇద్దరే. ఒకరు కందిరీగ. ఇంకొకతను ఈ షాపులో ఉన్నాడు.

*

మెట్లెక్కేసరికి అతను కూరగాయల కొట్టు తూకం ఒకటి బల్ల మీద పెట్టుకుని, దాని మీద ఇత్తడి గుండ్లు ఒక్కొక్కటే పేర్చుతున్నాడు. తల ఎత్తి చూశాడు. నాలుగేళ్ళ తర్వాత కనబడ్డ మనిషిని చూసినట్టు కాకుండా, నిన్న సాయంత్రం విడిపోయిన మనిషిని చూసినట్టు చూశాడు.

"కూర్చో. ఈ ఒక్కటీ అయిపోనీ."

ఎండైనా వానైనా చంకలో గొడుగు లేకుండా గడప దాటడు కాబట్టి, కాలేజీ రోజుల నుంచీ అతన్ని అందరూ గొడుగు అనే పిలిచేవాళ్ళు. ఆ గొడుగు ఇప్పుడు గోడకున్న మేకుకి వేలాడుతోంది. అతని జుట్టు సగం నెరిసింది. చూపుడువేలి గోరు కింద గ్రీజు.

కందిరీగ స్టూలు మీద కూర్చుంది. ఏం మాట్లాడాలో బస్సులో మూడుసార్లు అనుకుంటూ వచ్చింది గానీ ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు. అతని చేతుల వంకే చూస్తూ కూర్చుంది. తూకం నుంచి ఒక సన్నటి వైరు అతని ఫోనులోకి వెళ్తోంది. ఫోను మామూలుదే, అందరి చేతుల్లోనూ ఉండే రకం. కానీ స్క్రీన్ మీద కనిపిస్తున్న యాప్ ఆ రకం ఫోనుది కాదు. ఆ గుండ్రటి బటన్లు, ఆ బూడిదరంగు అంచులు కందిరీగకి బాగా తెలుసు. పాత ఫోన్ల యాప్ అది. కుడివైపు పై మూలలో చిన్న బొమ్మ. మూడు కమానులు, పైన ఒక గీత.

ఆ బొమ్మ తనే గీసింది. అప్పట్లో ఇద్దరూ అద్దెకున్న గదిలో, కరెంటు బిల్లు వెనక.

"అది నడుస్తోందా?" అంది.

"ఏది?"

"వంతెన."

"నడవక? తూకాలు సరిచేసే యాప్ ఆ పాత ఫోన్లలో తప్ప ఇంకెక్కడా లేదు. చేసినవాళ్ళు ఎక్కడున్నారో తెలీదు. ఇది లేకపోతే నా షాపు ఎప్పుడో మూసుకునేవాణ్ణి." గుండ్లు ఒక్కొక్కటే తీసి డబ్బాలో సర్దాడు. "నా దగ్గరున్న కాపీ చెరిపెయ్యమని మీ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. చెరపలేదు. వెళ్ళి చెప్పుకుంటావా, చెప్పుకో."

"చెప్పడానికి రాలేదు."

"మరి?"

ఏ యాప్ అయినా తన ఫోనుతో తన భాషలోనే మాట్లాడుతుంది. ఈ ఫైలు తెరువు, ఈ శబ్దం వినిపించు, ఈ అక్షరం చూపించు అని క్షణానికి వందసార్లు అడుగుతుంది. వేరే రకం ఫోనుకి ఆ భాష రాదు. వంతెన ఆ రెండింటి మధ్యా నిలబడి, అడిగిన ప్రతిదాన్నీ తిప్పి చెప్పి, వచ్చిన జవాబుని మళ్ళీ తిప్పి యాప్ చేతికిస్తుంది. యాప్ మాత్రం తన సొంతింట్లోనే ఉన్నాననుకుంటుంది. ఈ నాలుగు మాటలు రాయడానికి తేలికే. ఆ పని చెయ్యడానికి వాళ్ళిద్దరికీ మూడేళ్ళు పట్టింది. నాలుగో ఏడు, గొడుగు తల్లి ఆసుపత్రిలో ఉండి అతను ఆవిడ మంచం పక్కన కూర్చున్న రోజుల్లో, కందిరీగ ఒక్కతే వెళ్ళి వంతెనని ఒక పెద్ద ఫోన్ల కంపెనీకి రాసిచ్చేసింది. వాళ్ళిద్దరి సంస్థ ఆమె పేరనే ఉంది, ఒక్క సంతకం చాలింది. అవతలి ఫోన్ల యాప్‌లు తమ ఫోన్లలోకి రావడం ఆ కంపెనీకి ఇష్టం లేదు. అందుకే కొంది. కొని పక్కన పడేసింది. కందిరీగకి ఎనిమిదో అంతస్తులో కిటికీ పక్కన సీటు ఇచ్చింది.

"అక్క ఫోను పోయేలా ఉంది," అంది కందిరీగ. "ఇవాళో రేపో. ఆ యాప్‌ని కొత్త ఫోనులోకి తేవాలి. వంతెన నా దగ్గర లేదు. ఉన్నా ముట్టుకోకూడదు నేను. ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది. ఊడితే ఊడనీ. నువ్వు కాదంటే మాత్రం నాకు ఇంకో దారి లేదు."

గొడుగు చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. ఒకసారి తుడుచుకున్నవాడు మళ్ళీ తుడుచుకున్నాడు.

"మీ అక్క ఇక్కడికొచ్చింది. తెలుసా నీకు?"

"ఎప్పుడు?"

"ఆపరేషనుకి ముందు. అప్పుడు ఇది మా మావయ్య షాపు, నేను మధ్యాహ్నాలు వచ్చి కూర్చునేవాణ్ణి. నువ్వు చెప్పావట ఇక్కడుంటానని. వచ్చి ఆ స్టూలు మీదే కూర్చుంది. గొంతు దాచుకునే యాప్‌లు రెండున్నాయట. ఒకటి అందరి ఫోన్లలోనూ నడిచేది. రెండోది ఆ పాత రకం ఫోనుకి మాత్రమే. రెండోదాంట్లో గొంతు అచ్చం తనలాగే ఉందట. మొదటిదాంట్లో రేకు డబ్బాలోంచి వచ్చినట్టుందంది. 'డాక్టరమ్మ మొదటిదే తీసుకోమంటోంది తమ్ముడూ, ఎప్పటికైనా అదే గట్టిదట. కానీ మా చెల్లెలు చేసిన వంతెన ఉందిగా! ఈ ఫోను పోతే ఇంకోదాంట్లో నడుపుకోవచ్చుగా?' అని అడిగింది."

కందిరీగ స్టూలు అంచు గట్టిగా పట్టుకుంది.

"నువ్వేమన్నావు?"

"నిక్షేపంగా నడుపుకోవచ్చు, ధైర్యంగా తీసుకోండి అన్నా. అప్పటికి వంతెన ఇంకా మనదే. అబద్ధం చెప్పలేదు నేను." అతని గొంతు తగ్గింది. "తర్వాత నెలకి ఉత్తరం వచ్చింది. అప్పుడైనా వెళ్ళి ఆవిడకి చెప్పాల్సింది. చెప్పాల్సింది ఆవిడ చెల్లెలు, నేనెందుకు అనుకున్నా. నీ మీద కోపంతో అలా అనుకున్నా. ఆవిడకి మాత్రం ఇద్దరం కలిసి చేశాం అన్యాయం."

బయట ఎవరో స్కూటరు ఆపి, "అయిందా సారూ నా తూకం?" అని కేకేశారు. గొడుగు ఆ తూకం తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు. వస్తూనే షట్టరు సగానికి దించాడు. లాప్‌టాప్, వైర్లు, చిన్న స్క్రూ డ్రైవర్ల సెట్టు సంచిలో వేసుకుని, మేకుకున్న గొడుగు తీసుకున్నాడు.

"వస్తాను. కానీ ఒక మాట. జరిగింది మీ అక్కకి నువ్వే చెప్పాలి. నువ్వు చెప్పేదాకా ఈ సంచి విప్పను."

*

బావ తలుపు తీశాడు. పొద్దుటి డ్యూటీ ముగించుకుని వచ్చి బనీనుతో ఉన్నాడు. బావ బస్సు డ్రైవరు. అక్క మైకులో వంద బస్సుల పేర్లు చదివేదనీ, తన బస్సు పేరు దగ్గర మాత్రం ఒక్క పిసరు మెత్తగా పలికేదనీ, అందుకే పెళ్ళాడాననీ ఇప్పటికీ అందరికీ చెబుతుంటాడు. అలా ఏం లేదని అక్క కొట్టిపారేసేది.

అక్క కిటికీ దగ్గర కూర్చుని బావ యూనిఫాం చొక్కాకి గుండీ కుడుతోంది. మెడకి అడ్డంగా పల్చటి తెల్లగుడ్డ. పక్కన చిన్న బల్ల మీద ఫోను. మూత ఊడిపోకుండా దానికి రెండు రబ్బరు బ్యాండ్లు. చెల్లెల్ని చూసి, చివరి ముడి వేసి సూది చొక్కాకే గుచ్చి, ఫోను అందుకుని ఒక బటన్ నొక్కింది.

"దయచేసి గమనించండి," అంది ఫోను. గలగలమని, బస్టాండు మొత్తానికీ వినిపించే హుషారుతో. "మా చెల్లెలు వచ్చుచున్నది."

అది అక్క ముందే రికార్డు చేసి పెట్టుకున్న వాక్యం. చెల్లెలు వచ్చినప్పుడల్లా వినిపిస్తుంది. విన్నప్పుడల్లా కందిరీగ నవ్వుతుంది. ఇవాళ నవ్వు రాలేదు. వెనకాల గొడుగుని చూసి అక్క కనుబొమలు ఎగరేసింది. టైపు చేసింది. ఫోను కాసేపు ఆలోచించుకుంది.

"గొడుగు తమ్ముడు దారి తప్పి వచ్చాడా?"

"మీ ఫోను చూద్దామని వచ్చానక్కగారూ," అని గొడుగు గోడవారన కుర్చీలో కూర్చున్నాడు. సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. విప్పలేదు.

బావ మంచినీళ్ళు తెచ్చాడు. "బాగవుతుందా అబ్బాయ్? సోమవారం అది ఆగిపోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఏం కావాలో కాగితం మీద రాసి ఇస్తూనే ఉంది, కళ్ళజోడు కనపడక నేను చదవలేకపోయాను. చూస్తే అది నా నెత్తిమీదే ఉంది."

అక్క భుజాలు కదిలాయి. అక్క నవ్వు అలాగే ఉంటుంది ఇప్పుడు. చప్పుడుండదు.

"అక్కా, నీకొకటి చెప్పాలి," అంది కందిరీగ. కూర్చోలేదు. "వంతెన లేదక్కా. అమ్మాను అని చెప్పాగా. ప్రతి ఫోనులోనూ వస్తుందన్నాగా. రాలేదు. రాదు. వాళ్ళు వాడటానికి కొనలేదు. ఎవరూ వాడకూడదని కొన్నారు. ఆ సంగతి సంతకం పెట్టేటప్పుడే నాకు తెలుసు. నీకు చెప్పలేదు."

బావ ఒకసారి కందిరీగనీ, ఒకసారి గొడుగునీ చూశాడు. అక్క మొహంలో ఏమీ మారలేదు. చూపు మాత్రం చెల్లెలి మీదే నిలిచింది. తర్వాత టైపు చెయ్యడం మొదలుపెట్టింది. ఒక్క వేలితో, మెల్లగా. గదిలో ఆ టకటక తప్ప ఇంకేం లేదు. నొక్కింది. ఫోను తెల్లబోయింది. రబ్బరు బ్యాండ్లు సరిచేసి మళ్ళీ నొక్కింది.

"ప్రతి నెలా అడిగాను నిన్ను. వంతెన ఎలా ఉందే అని."

"అవునక్కా."

"బాగుందక్కా అన్నావు."

"అన్నాను."

"నాలుగేళ్ళు."

మూడు మాటలూ ఒకే హుషారుతో వచ్చాయి. రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదికి బస్సు వచ్చిందని చెప్పే గొంతు. ఆ మాటలకీ ఆ గొంతుకీ పొంతన లేదు. ఇంకొంచెం తక్కువ తప్పు చేసిన మనిషిగా కనిపించాలన్న ఆశ కందిరీగకి ఆ క్షణంలోనే పుట్టింది.

"నీ జబ్బు సంగతి తెలియకముందే అయిపోయిందక్కా అదంతా. నువ్వు దాని మీద ఆధారపడతావని నాకెలా తెలుస్తుంది?"

గోడవారన గొడుగు సంచి జిప్పు మీద చెయ్యి వేసి ఉన్నాడు. ఆ చెయ్యి ఆగిపోయింది. అక్క బస్టాండులో ఇరవై ఏళ్ళు అద్దాల గదిలోంచి జనాన్ని చూసిన మనిషి. ఆ చేతిని చూసింది. మళ్ళీ టైపు చేసింది.

"గొడుగూ. నేను నీ షాపుకొచ్చిన రోజున వంతెన మీదేనా, వాళ్ళదా?"

గొడుగు తలవంచుకున్నాడు. "నన్నడక్కండి అక్కగారూ," అన్నాడు.

ఇక దాచడానికి చోటు లేదు. కందిరీగ అక్క ముందు నేల మీద కూర్చుండిపోయింది.

"మాదే. అప్పటికింకా మాదే అక్కా. నీ రిపోర్టు వచ్చిన తొమ్మిదో రోజున సంతకం పెట్టాను."

"అమ్మాయ్!" అన్నాడు బావ. లేచి, చేసేదేమీ లేక, ఖాళీ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి అక్క వెనకాల నిలబడ్డాడు.

"సాయంత్రం ఐదింటిలోగా తేల్చమన్నారు. లేకపోతే ఇంకెవరిదో కొనుక్కుంటామన్నారు. నీ ఫోను కొత్తది, పదేళ్ళు నడుస్తుందనుకున్నా. ఆలోపు ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తారులే అనుకున్నా." ముక్కు తుడుచుకుంది. "నువ్వు గుర్తుకు రాలేదని కాదు. వచ్చావు. పెన్ను పట్టుకున్నప్పుడు కూడా వచ్చావు. అయినా పెట్టాను."

అక్క ఒళ్ళోని చొక్కా తీసి పక్కన పెట్టింది. ఈసారి చాలాసేపు టైపు చేసింది. మధ్యలో ఆగి కొన్ని మాటలు చెరిపేసింది. చెల్లెలు ఆ చేతి వంకే చూస్తోంది. ఒక దెబ్బ వేసినా బాగుండునని ఉంది ఆమెకి. నొక్కేముందు అక్క బావ వైపు చూసి ఒక్క చిరునవ్వు లాంటిది నవ్వింది, ఏమనుకోవద్దన్నట్టు.

"నాకు చాలా కోపంగా ఉంది," అంది ఫోను ఉత్సాహంగా. "కానీ ఈ గొంతులో కోపం లేదు. సెంటర్లో అన్ని రకాలూ చదవమన్నారు. నవ్వుతూ, ఏడుస్తూ, కోపంగా. కోపంగా చదవాలంటే ఎదురుగా పోట్లాడే మనిషి ఉండాలన్నారు. నీకంటే బాగా నాతో ఎవరు పోట్లాడతారని ఆ రోజు రమ్మని నీకు ఫోను చేశాను. ఆఫీసులో కొత్తగా చేరాను, సెలవు దొరకదన్నావు. సరేలే అని ఆ పేజీలన్నీ వదిలేశాను. అందుకే ఇప్పుడు నిన్ను తిట్టడానికి నా దగ్గర గొంతు లేదు."

కందిరీగ ఏడ్చింది. అక్క ఆమెని దగ్గరికి తీసుకోలేదు, దూరం జరగనూ లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కింద వీధిలో ఎవరో గ్యాసు సిలిండర్లు దొర్లిస్తున్న చప్పుడు.

చివరికి బావే చెయ్యి చాచి ఫోనుని తాకి చూశాడు. "ఇది కాలిపోతోందే!"

గొడుగు గబుక్కున లేచాడు. రబ్బరు బ్యాండ్ల మధ్య మూత ఇంకో గోరంత పైకి లేచి ఉంది. "ఇక ఆలస్యం చెయ్యకూడదక్కగారూ. ఇప్పుడే కాపీ చేసుకోవాలి. చేసేటప్పుడు ఇంకా వేడెక్కుతుంది. కాపీ అయ్యాక ఇది మళ్ళీ లేస్తుందో లేదో నేను మాట ఇవ్వలేను. ఏమైనా చెప్పాలనుకుంటే ఇప్పుడే చెప్పేయండి."

అక్క ఫోను చేతిలోకి తీసుకుంది. కందిరీగ తలెత్తింది. తన గురించి ఏదైనా అంటుందేమో, మంచో చెడో, ఈ గొంతుతో అనేసే ఆఖరి మాట తనకే అవుతుందేమో అని ఎదురుచూసింది. అక్క తల వెనక్కి తిప్పి మొగుడి మొహంలోకి చూసింది. నాలుగు మాటలు టైపు చేసింది.

"మీ చొక్కా గుండీ కుట్టేశాను."

బావ కళ్ళజోడు తీసి బనీను అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు.

*

గొడుగు సంచి విప్పాడు. బల్ల మీద స్టీలు పళ్ళెం బోర్లించి దాని మీద ఫోను పెట్టాడు, నిప్పంటుకుంటే బల్ల తగలబడకుండా. వైరు తగిలించాడు. లాప్‌టాప్ మీద గీత నత్తలా కదిలింది. పది. పంతొమ్మిది. ముప్ఫై నాలుగు దగ్గర ఆగిపోయింది. గొడుగు పంఖా పక్కనే పెట్టించి గాలి నేరుగా ఫోను మీదికి తిప్పాడు. ముప్ఫై అయిదు. ఆ గీత చివరిదాకా పోవడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాల్లో అక్క ఒక్కసారి కూడా చెల్లెలి వైపు చూడలేదు. అది అయిపోయిన రెండు నిమిషాలకి పాత ఫోను స్క్రీన్ మీద ఒక అడ్డగీత మెరిసి ఆరిపోయింది. బటన్ ఎంత నొక్కినా మళ్ళీ వెలగలేదు.

"అంతా వచ్చింది," అన్నాడు గొడుగు, ఎవరూ అడగకుండానే.

కొత్త ఫోను కందిరీగ కొనుక్కొచ్చిందే. అందులో ముందు వంతెన ఎక్కించాడు. మూల మీద మూడు కమానుల బొమ్మ వచ్చింది. తర్వాత యాప్. మొదటిసారి తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోయింది. రెండోసారీ అంతే. "సర్వర్‌ని అడుగుతోంది," అంది కందిరీగ, కళ్ళు తుడుచుకుని అతని పక్కకి జరుగుతూ. "ఆ సర్వర్ ఇప్పుడు లేదు కదా. ఉందని మనమే జవాబివ్వాలి. అక్కడ, మూడో ఫైలులో." అతను కుర్చీ కాస్త జరిపి లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. నాలుగేళ్ళుగా తాకని వాక్యాల మీద ఆమె వేళ్ళు తడుముకోకుండా పరిగెత్తాయి. అలా పరిగెత్తడం ఆమెకి సంతోషంగా లేదు. ఒక మధ్యాహ్నంలో అయిపోయే పనిని ఇన్నేళ్ళూ చెయ్యకుండా కూర్చున్నానని మాత్రం తెలిసింది.

మూడోసారి యాప్ తెరుచుకుంది. బూడిదరంగు అంచులు, గుండ్రటి బటన్లు, పైన అక్క పేరు. బావ చప్పట్లు కొట్టబోయి ఆగాడు. ఎందుకంటే కీబోర్డు రావాల్సిన చోట ఇంకేదో వచ్చింది.

గొడుగు పైకి చదివాడు. "'ఇది కొత్త ఫోను. దాచిన గొంతు మీదేనని నిర్ధారించుకోవాలి. కింది వాక్యాన్ని పైకి చదవండి. మూడు అవకాశాలు.'"

అక్క చెయ్యి దానంతటదే మెడ మీది తెల్లగుడ్డ దగ్గరికి వెళ్ళింది.

"గొంతు ఉన్నవాళ్ళు ఈ యాప్ ఎందుకు కొంటారయ్యా?" అన్నాడు బావ.

"ఆపరేషనుకి ముందే ఫోను మార్చేవాళ్ళ కోసం పెట్టి ఉంటారు," అన్నాడు గొడుగు. " దొంగలు ఎత్తుకుపోకుండా. మిగతావాళ్ళు సంస్థకి ఫోను చేస్తే వాళ్ళే తీసేవాళ్ళేమో. ఇప్పుడు చెయ్యడానికి సంస్థ లేదు."

"పాత ఫోను చేత చదివిస్తే?" అన్నాడు బావ.

గొడుగు స్టీలు పళ్ళెం వంక చూశాడు. బావకీ అర్థమైంది.

"మూడూ తప్పితే?" అడిగింది కందిరీగ. "మళ్ళీ మొదటి నుంచి ఎక్కించలేమా?"

"ఎక్కించొచ్చు. కానీ ఆ మూడు అంకె ఎక్కడ దాస్తోందో నాకు తెలీదు. గొంతు ఫైళ్ళలోనే రాస్తోందేమో. రాస్తే, మూడోసారి తప్పాక అవి ఇక తెరుచుకోవు. లాప్‌టాప్‌లోని కాపీనైనా ఒప్పుకుంటుందో లేదో. ప్రయోగం చేసి చూసే ధైర్యం నాకు లేదు."

బావ ఏదో గుర్తుకొచ్చినవాడిలా కందిరీగ వైపు తిరిగాడు. "నువ్వు చదువమ్మా. ఫోనులో మీ ఇద్దరి గొంతూ ఒకటేలా ఉండేది. పెళ్ళయిన కొత్తలో మీ అక్కే అనుకుని నీకు ఎన్ని ఊసులు చెప్పానో! నువ్వు పావుగంట వినేదానివి, తర్వాత నవ్వేదానివి."

కందిరీగ ఫోను అందుకుంది. స్క్రీన్ మీది వాక్యం చదివింది. "ఆకుపచ్చ తలుపు పక్కన రెండు పాత కుర్చీలు ఉన్నాయి." ఏడ్చిన గొంతు. 'కుర్చీలు' దగ్గర జీరపోయింది.

చక్రం తిరిగింది. ఎర్ర అక్షరాలు. సరిపోలలేదు. ఇంకా రెండు.

"నా వల్ల కాదు," అంది కందిరీగ ఫోను బల్ల మీద పెట్టేస్తూ. "నా చేత్తో దీన్ని రెండోసారి పోగొట్టలేను."

అక్క లేచింది. లోపలికి వెళ్ళి గ్లాసుడు నీళ్ళు తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టింది. తాగేదాకా నిలబడి చూసింది. తర్వాత కుర్చీ లాక్కుని సరిగ్గా ఆమెకి ఎదురుగా, మోకాళ్ళు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది. చెల్లెలి గడ్డం పట్టుకుని పైకెత్తింది. కళ్ళల్లో కోపం ఏమాత్రం తగ్గలేదు. స్క్రీన్ మీద రెండో వాక్యం వచ్చి ఉంది. అక్క దాన్ని ఒకసారి చూసుకుంది. భుజాలు వెనక్కి వాల్చింది. పెదాలు కదిపింది, చప్పుడు లేకుండా.

ఒక మాట. ఆగింది. వేలు ఎత్తి, ఇక్కడ ఊపిరి తీసుకో అన్నట్టు చూపించింది. ఇంకో రెండు మాటలు కలిపి. చివరి అక్షరం దగ్గర చెయ్యి మెల్లగా కిందికి దించింది, తేలిపోనివ్వకుండా దించు అన్నట్టు. ఇరవై ఏళ్ళు మైకు ముందు చేసిన పని. మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ. మూడోసారి కందిరీగ పెదాలు కూడా అక్క పెదాలతోపాటు కదిలాయి. అయిదోసారి ఇద్దరి ఊపిరీ ఒకేచోట ఆగి ఒకేచోట మొదలైంది.

అక్క గొడుగు వైపు తల ఊపింది. గొడుగు బటన్ నొక్కాడు.

కందిరీగ స్క్రీన్ చూడలేదు. అక్క పెదాలనే చూస్తూ, అవి ఎలా కదిలితే అలా చదివింది. "నీలం రంగు సంచి నిన్న సాయంత్రం కిటికీ దగ్గరే ఉంది."

బావ గోడకి చెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

చక్రం తిరిగింది. ఇందాకటికంటే ఎక్కువసేపు తిరిగింది. అక్క చెయ్యి ఇంకా చెల్లెలి గడ్డం కిందే ఉంది, తియ్యడం మరిచిపోయింది. చక్రం ఆగింది. నలుగురూ ఒక్కసారే ఫోను మీదికి వంగారు.